గొంతుక్కూర్చోవడానికి అయిదు మార్కులు

కాలేజీలో నాకంటే తక్కువ మార్కులు వచ్చిన వాళ్లంతా కంప్యూటర్ కోర్సులు చేసి, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చేరి, కార్లు కొంటున్న కాలంలో నేను ఎముకల డాక్టరు చదువు చదువుతున్నాను. మార్కులు ఎక్కువ వచ్చిన పాపం. ఎం.బి.బి.ఎస్. అయిపోయాక మళ్లీ మూడేళ్లు. నగరంలో ఒక పెద్ద దవాఖానలో కట్లు కట్టడం, డ్యూటీ లేనప్పుడు బస్సెక్కి చేవెళ్లలో మా ఇంటికొచ్చి పడుకోవడం. మా నాన్నకు చేవెళ్లలో కిరాణా దుకాణం ఉండేది. దుకాణానికి వచ్చిన వాళ్లు "కొడుకేం చేస్తున్నడు సేటూ?" అని అడిగితే, "ఇంకా చదువుతనే ఉన్నడు" అని చెప్పి పప్పు తూకంలో మునిగిపోయేవాడు. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు.

ఆ చదువు పూర్తి కావాలంటే చివర్లో ఒక పరిశోధన చేసి పుస్తకం రాయాలి. థీసిస్ అంటారు. రాసినవాడు ఒకడు, రాయించిన గైడు ఒకరు, పరీక్షకు వచ్చిన పెద్దలిద్దరు, ఇంతమంది దాన్ని చదువుతారు. తర్వాత చెదపురుగులు చదువుకుంటాయి. నాది మాత్రం అలాంటిది కాదని నాకు గట్టి నమ్మకం. వైద్యశాస్త్రం నా పుస్తకం కోసమే ఇన్నాళ్లుగా గుమ్మంలో నిలబడి ఉందనుకునేవాణ్ణి.

మా గైడు నాకు మోకాళ్ల మీద పని ఇచ్చారు. అందుకు నగరం నుంచి చేవెళ్లకు పోయే మా రోడ్డే కారణం. భూముల ధరలు ఆకాశాన్నంటిన రోజులవి. మొయినాబాద్ చుట్టుపక్కల ఎకరం అమ్మినవాడు మొదట కొనేది మోటార్ సైకిల్. రెండో వారం దాని మీద నుంచి పడేవాడు. అమ్మిన ఎకరంలో ఫామ్‌హౌస్ లేచేది. ఆదివారం సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ఆ ఫామ్‌హౌస్‌ను అద్దెకు తీసుకుని, వారమంతా టేబుల్ కింద దాచుకున్న మోకాళ్లతో క్రికెట్ ఆడేవాళ్లు. అలా అమ్మినవాడూ అద్దెకు దిగినవాడూ మా వార్డులో పక్కపక్క మంచాల మీద పడుకునేవాళ్లు. ఇద్దరికీ తెగింది ఒకటే.

మోకాలి లోపల చిటికెన వేలంత లిగమెంటు ఒకటి ఉంటుంది. పైఎముకా కిందిఎముకా ఒకదాని మీద ఒకటి జారిపోకుండా పట్టుకునేది అదే. అది తెగినా మనిషి నడుస్తాడు గానీ, పక్కకు తిరిగితే చాలు మోకాలు జారుతుంది. తొడ వెనక నుంచి నరంలాంటి స్నాయువు తీసి, తాడులా పేని, ఎముకల్లో రెండు సొరంగాలు తొలిచి దాన్ని కొత్త లిగమెంటుగా బిగిస్తారు. బిగించేది మా గైడు. నా పని కాలు కదలకుండా పట్టుకోవడం. ఆ మూడేళ్లలో నేను పట్టుకున్నన్ని కాళ్లు ఏ మామా తన అల్లుళ్లవి పట్టుకుని ఉండడు.

ఏడాది తర్వాత ఆ మోకాళ్లు ఎలా ఉన్నాయో చూసి చెప్పడం నా పరిశోధన. అందుకు విదేశాల్లో తయారైన ప్రశ్నల కాగితం ఒకటి ఉండేది. ఎనిమిది ప్రశ్నలు, వంద మార్కులు. కుంటుతున్నారా, కర్ర పట్టుకుంటున్నారా, మోకాలు పట్టేస్తోందా, జారుతోందా, నొప్పి ఉందా, వాపు ఉందా, మెట్లెక్కగలరా. అన్నిటికన్నా చివర, గొంతుక్కూర్చోగలరా. ఈ చివరిదానికి అయిదు మార్కులు. మొత్తం కలిపి తొంభై దాటితే పక్కన 'అత్యుత్తమం' అని రాసుకోవాలి. ఆ కాగితం తయారుచేసిన దొరల ఊళ్లో జనం కుర్చీల మీద పుట్టి కుర్చీల మీదే పోతారు కాబట్టి, అయిదు మార్కులు వేయడం కూడా వాళ్ల పెద్దమనసే. నాకు అప్పుడు ఆ ఆలోచన రాలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

నా పదిహేడో కేసు చేవెళ్ల దగ్గరి ఆలూరు నుంచి వచ్చిన ఆమె. నలభై ఏళ్లుంటాయి. చేలల్లో కొత్తిమీర పీకి కట్టలు కట్టే కూలి పని. ఒకరోజు కట్టలతో పాటు ట్రాలీ ఆటోలో మార్కెట్‌కు పోతుంటే మొయినాబాద్ దగ్గర ఆటో ఒక్కసారిగా ఆగింది. కట్టలు లోపల ఉండిపోయాయి, ఈమె రోడ్డు మీద పడింది. కుడి మోకాలు మెలిపడింది. ఊళ్లో నాటు కట్టు కట్టించుకుని, అది విప్పాక కూడా మోకాలు జారుతుంటే మా దగ్గరికి వచ్చింది. నా మొహం చూసి, "మీరు చేవెళ్ల సేటు కొడుకే గద?" అంది. ఔనన్నాను. ఆమెకు ప్రాణం కుదుటపడింది. మా గైడుకున్న డిగ్రీలన్నీ కలిపినా మా నాన్న దుకాణమంత భరోసా ఇవ్వలేకపోయాయి.

ఆపరేషన్‌కు ముందురోజు నేను ఒప్పుకోలు కాగితం పట్టుకుని ఆమె మంచం దగ్గరికి వెళ్లాను.

"సారూ, ఒక్క మాట," అంది. "నడుసుడు నాకిప్పుడు గూడ వస్తున్నది. నాకు కూసునుడు కావాలె. మేము పది మందిమి వరసగ కూసొని, గట్లనే ముందలికి జరుక్కుంట పీకుతం. వరస తప్పినోళ్లను మల్ల పిలువరు. కాలు ముడిసి కూసుంటెనే నాకు కూలి. గది వస్తదా?"

"ఎందుకు రాదక్కా? ఏడాదిల ఎప్పటిలెక్కనే కూసుంటవు. ఫికర్ చెయ్యకు," అన్నాను.

ఆమె వేలిముద్ర వేసింది. ఆమె అడిగింది ఒకే ఒక్క సంగతి. దానికి నా కాగితంలో అయిదు మార్కులు మాత్రమే ఉన్నాయని నాకు తెలుసు, ఆమెకు తెలియదు. నేను మాట ఇచ్చింది మా నాన్న బియ్యం మంచివని చెప్పినంత సులువుగా. తేడా ఏమిటంటే ఆయన బియ్యం నోట్లో వేసుకుని నమిలి చూసి చెప్పేవాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆమె రెండుసార్లు దవాఖానకు వచ్చి చూపించుకుంది. తర్వాత రావడం మానేసింది. ఆమే కాదు, మా వైపు ఊళ్ల వాళ్లు ఎవరూ రాలేదు. నగరానికి వచ్చి, చీటీ రాయించుకుని, క్యూలో నిలబడి, మోకాలు చూపించుకుని పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది. వాళ్లు రాకపోతే నా పుస్తకం లేదు. అందుకని నేనే పోవడం మొదలుపెట్టాను. ఆదివారం పూట మా నాన్న పాత స్కూటర్ వేసుకుని, సంచిలో కాగితాలు, కోణం కొలిచే రెండు రెక్కల ప్లాస్టిక్ స్కేలు పెట్టుకుని బయలుదేరేవాణ్ణి. నడిచే దేవుడు గడప గడపకూ వస్తున్నట్టు నాకే అనిపించేది.

ఏ ఇంటికి వెళ్లినా ఒకటే తంతు. నన్ను చూడగానే ఎవరో పక్కింటికి పరిగెత్తి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చేవాళ్లు. కొంగుతోనో తువ్వాలుతోనో దాన్ని తుడిచేవాళ్లు. నేను కూర్చునేవాణ్ణి. నీళ్లు, తర్వాత చాయ్. పేషెంటు నా ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. కూర్చోమంటే, "వద్దులే సారు, గిట్లనే మంచిగున్నది," అనేవాడు. వచ్చింది డాక్టరు, అందులోనూ సేటు కొడుకు. మా వైపు అలాంటివాడు కుర్చీలో ఉండగా ఎదురుగా చతికిలబడే మనిషి ఉండడు. నేను కాగితం మీద నుంచి తల ఎత్తకుండా చదివేవాణ్ణి.

"నొప్పున్నదా?"

"లేదు సారు."

"మోకాలు జారుతున్నదా?"

"ఎక్కడిది సారు, మీ దయ."

"కాలు ముడిసి కూసునుడు వస్తదా?"

"వస్తది సారు. ఎందుకు రాదు?"

అయిదుకు అయిదు వేసేవాణ్ణి. ఇక కోణం కొలవడం. మగవాళ్లయితే పంచె పైకి లాగి, నిలబడే కాలు కొంచెం ఎత్తి చూపించేవాళ్లు. నేను కుర్చీలోంచే అటూ ఇటూగా అంచనా కట్టేవాణ్ణి. ఆడవాళ్లయితే అదీ లేదు. వాకిట్లో చుట్టూ అమ్మలక్కలు నిలబడి ఉండగా చీర మోకాలి పైకి జరపమని అడిగే మొహం నాకు లేదు. అందుకని ఆ గడిలో 'పూర్తిగా వంగుతోంది' అని రాసి, చాయ్ తాగి, మరో ఇంటికి. ఆలూరులో ఆమె కూడా గోడకు ఆనుకుని నిలబడి అన్నిటికీ మంచిగున్నదనే చెప్పింది. వందకు వంద. నా కేసులన్నిట్లోకీ ఆమే ఫస్టు.

సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇలా కాదు. ఎనిమిది ప్రశ్నలకు ఎనిమిది పేజీల ఈ-మెయిల్ పంపేవాళ్లు. మెట్లు దిగేటప్పుడు నాలుగో మెట్టు దగ్గర టక్కుమంటోంది, ఏసీలో కూర్చుంటే పట్టేస్తోంది, ఎడమ వైపు తిరిగితే తేడాగా ఉంది. ఒకాయన వారాల వారీగా నొప్పికి గ్రాఫు గీసి పంపాడు. వాళ్లలో ఒక్కరికీ తొంభై రాలేదు.

అప్పుడు నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. అది పని చేయకుండా ఉంటే అందరికీ క్షేమంగా ఉండేది. ముప్పై ఒక్క కేసులనూ రెండు గుంపులుగా విడదీసి పట్టిక వేశాను. పైన ఇరవై రెండు మంది ఊళ్ల వాళ్లు, అందరూ అత్యుత్తమం. కింద తొమ్మిది మంది నగరం వాళ్లు, అంతంతమాత్రం. ఆపరేషన్ చేసింది ఒకే డాక్టరు, చేసింది ఒకే పద్ధతి. మరి తేడా ఎక్కడిది? పల్లె మనుషుల కష్టం, జొన్నరొట్టె, చెప్పుల్లేని నడక. వాళ్ల మోకాళ్లే వేరు! బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడం అంటారు చూడండి, నేను జొన్నరొట్టెకూ మోకాలికీ ముడిపెట్టాను. డిపార్ట్‌మెంట్‌లో అందరి ముందూ తెర మీద బొమ్మలు వేసి నలభై నిమిషాలు మాట్లాడాను. చివరి బొమ్మ జొన్నరొట్టెది. అది మా అమ్మ చేసింది, నేనే ఫోటో తీశాను. మా గైడు భుజం తట్టి, "కొత్త సంగతి పట్టావయ్యా," అన్నారు. ఆ రాత్రి మా ఇంట్లో నేను అన్నం తింటున్నా పాఠం చెబుతున్నట్టే ఉందని అమ్మ విసుక్కుంది.

మా నాన్న మాత్రం అంతా విని, దుకాణం షట్టరు దించుతూ ఒక మాట అన్నాడు.

"ఇన్నేండ్ల సంది దుకాణం నడుపుతున్న. 'సేటూ, నీ బియ్యం మంచిగ లేవు' అని ఒక్కడన్న నా మొఖం మీద చెప్పిండా? చెప్పరు. మంచిగున్నయనే అంటరు. సప్పుడు చెయ్యకుండ సంచి పట్టుకొని పక్క దుకాణంకు పోతరు. నీ మోకాళ్లోళ్లు గూడ మా గిరాకే గద?"

"బాపూ, ఇది సైన్సు," అన్నాను.

"అట్లనా," అని తాళం వేశాడు.

థీసిస్ ఇవ్వడానికి నాలుగు నెలల ముందు మా గైడు ఫోటోలు కావాలన్నారు. మాటలతో చెబితే ఎవరూ నమ్మరు, నీ బెస్టు కేసును గొంతుక్కూర్చోబెట్టి మంచి ఫోటో తీసుకురా అన్నారు. బెస్టు కేసంటే పదిహేడు. అమెరికాలో ఉన్న మా బావ పంపిన డిజిటల్ కెమెరా మెడలో వేసుకుని, ఈసారి కబురు పెట్టకుండా ఒక పొద్దున ఆలూరు వెళ్లాను. ఇంట్లో లేదు, చేనుకాడ ఉందన్నారు.

చేను గట్టు మీద నిలబడి చూశాను. పచ్చగా కొత్తిమీర మడులు. తొమ్మిది మంది ఆడవాళ్లు వరసగా గొంతుక్కూర్చుని, కుడిచేత్తో పీకుతూ, ఎడమచేత్తో కట్ట పట్టుకుని, లేవకుండానే బాతుల్లా ముందుకు జరుగుతున్నారు. ఈమె వాళ్లలో లేదు. చాలా వెనక, పక్క మడిలో, నేల మీద చతికిలబడి ఉంది. కుడి కాలు కర్రలా ముందుకు చాపి ఉంది. నాలుగు మొక్కలు పీకడం, రెండు చేతులూ నేలకు ఆన్చి ఒళ్లంతా ఈడ్చుకుంటూ జానెడు ముందుకు జరగడం. మళ్లీ నాలుగు మొక్కలు. చీర వెనకంతా తడిమట్టి.

నన్ను చూసి గబుక్కున లేవబోయింది. ముందు పక్కకు ఒరిగి, చేతులు ఆన్చి, చాపిన కాలు అలాగే ఉంచి లేచి నిలబడింది. చీర దులుపుకుని నవ్వింది.

"మంచిగున్న సారు," అంది. నేనింకా ఏమీ అడగలేదు.

మామూలు మనిషికయితే అక్కడితో అర్థమవ్వాలి. నేను పరిశోధకుణ్ణి. "అక్కా, ఒక్క ఫోటో. కాలు ముడిసి కూసో," అన్నాను, కెమెరా కన్ను దగ్గర పెట్టుకుని.

ఆమె కూర్చోబోయింది. ఎడమ కాలు వంగింది. కుడి కాలు సగం దాకా వంగి ఆగిపోయింది. పెదవి కొరుక్కుని ఇంకా కిందికి దిగాలని చూసింది. కెమెరా చిన్న తెరలో ఆమె మొహం నాకు కనిపించింది. నుదుటి మీద చెమట, గట్టిగా మూసుకున్న కళ్లు. నా ఫోటో పాడు కాకూడదని ఆమె పడుతున్న అవస్థ అది. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. ఆ కాకిని నేనేనని ఆ క్షణంలో తెలిసింది.

"వద్దక్కా, లే, లే," అన్నాను. ఏం చేయాలో తోచక నేనే ఆ తడి మడిలో కూర్చున్నాను. గొంతుక్కూర్చుందామనే అనుకున్నాను. హాస్టల్ భోజనంతో పెరిగిన బొజ్జ అడ్డం వచ్చి వెనక్కి పడి చతికిలబడ్డాను. వరసలో ఉన్న ఆడవాళ్లందరూ పని ఆపి ఒకటే నవ్వు.

"లెవ్వున్రి సారు, ప్యాంటు ఖరాబైతది!" అంది ఆమె కంగారుగా.

"నువ్వు కూసుంటెనే లేస్త," అన్నాను.

నేను నేల మీద ఉన్నాక ఆమె నిలబడటానికి కారణం లేకపోయింది. కాలు చాపి నా పక్కన కూర్చుంది. నేను స్కేలు తీసి చీర మీద నుంచే మోకాలికి ఆన్చి కొలిచాను. మెట్లెక్కడానికి సరిపడా వంగుతోంది. కుర్చీలో కూర్చోవడానికి సరిపడా వంగుతోంది. అంతకు మించి బెత్తెడు కూడా వంగడం లేదు. ఆపరేషన్ తర్వాత కీలు లోపల జిగురులాంటి పొరలు పట్టేసి బిగుసుకుపోయింది. మొదటి నెలల్లోనే చూసి ఉంటే వ్యాయామంతో పోయేది.

"ఎన్ని దినాల సంది గిట్ల?"

"మొదటి సందే, సారు."

"మరి నేనొచ్చి అడిగినప్పుడు వస్తదన్నవు గద?"

ఆమె కొంచెంసేపు మొక్కల వేళ్లకున్న మట్టి దులిపింది. "మీరు గంత దూరం బండేసుకొని వచ్చిన్రు. మా కోసమే వచ్చిన్రు. మంచిగ లేదని ఎట్ల చెప్పాలె సారు? మీ మొఖం చిన్నగైతది."

నా మొహం చిన్నబోకుండా ఉండటానికి ఆమె ఏడాది పాటు నేల మీద ఈడ్చుకుంది. వరసలోకి రానివ్వడం లేదట. పక్క మడి ఇచ్చి, పాత మనిషని జాలిపడి సగం కూలికి పిలుస్తున్నారట. వచ్చే పంటకు అదీ ఉండదని కూలీలను పోగుచేసే పెద్దామె ముందే చెప్పేసిందట. ఇదంతా ఎవరి మీదా కోపం లేకుండా చెప్పింది. కోపం ఉండి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మర్నాడు గైడు గదికి వెళ్లి అంతా చెప్పాను. నా పరిశోధన కూలిపోయిందని, నన్ను తిడతారని, థీసిస్ ఆగిపోతుందని రాత్రంతా నిద్రపోలేదు. ఆయన శ్రద్ధగా విన్నారు. పట్టిక తీసి పదిహేడో వరస మీద వేలు పెట్టారు.

"గొంతుక్కూర్చోవడానికి సున్నా వెయ్యి. ఎంతయింది?"

"తొంభై అయిదు, సార్."

"తొంభై దాటితే?"

"అత్యుత్తమం, సార్."

"మరి ఏడుపెందుకు?" అన్నారు. నిజమే. కూర్చోలేని కూలిమనిషి నా కాగితం ప్రకారం అత్యుత్తమంగానే ఉంది. నాకు నష్టం అయిదు మార్కులు. నేను ఎంత నిజాయితీగా ఉన్నా నా పుస్తకానికి ఏమీ కాదని తెలిసి నాకు కలిగిన మొదటి భావం సంతోషం. ఆ సంగతి ఇక్కడ ఒప్పుకోవాలి, లేకపోతే ఇదంతా రాసి లాభం లేదు.

అయితే ఆయన మంచి డాక్టరు. ఆమెను వెంటనే రమ్మనమని, లోపలి పొరలు తాను విడదీస్తానని అన్నారు. నెల తిరక్కుండానే సన్నటి గొట్టాలు దూర్చి పొరలు కోసి, మత్తులో ఉండగానే మోకాలును మడమ తొడకు తగిలేదాకా వంచారు. ఈసారి నేను కాలు పట్టుకోవడంతో ఆగలేదు. ఎందుకంటే అసలు పని ఆ తర్వాతే. రోజూ వంచకపోతే మళ్లీ బిగుసుకుంటుంది.

వారానికి మూడుసార్లు ఆలూరు వెళ్లేవాణ్ణి. ఇంట్లో చాప మీద బోర్లా పడుకోబెట్టి మడమ పట్టుకుని మెల్లగా వంచేవాణ్ణి. పక్కన ఆమె కూతురు నేర్చుకుంటూ, మిగతా రోజుల్లో తను వంచేది. మొదటి వారం ఆమె కిక్కురుమనలేదు. నొస్తున్నదా అంటే, "లేదు సారు." నేను వంచడం ఆపేశాను.

"నొస్తే నొస్తదని చెప్పు, లేకుంటె ఎంత వంచాలెనో నాకెట్ల తెలుస్తది? తిట్టు. నీకు పుణ్యముంటది, తిట్టు," అన్నాను.

రెండో వారం నుంచి తిట్టింది. ఏడాది నుంచి దాచుకున్నదంతా బయటికి వచ్చింది. "ఆగున్రి! నీ చేతులు ఇరగ! నువ్వు డాక్టరువా, కసాయోనివా?" అని అరిచింది. తర్వాత నాలుక కరుచుకుని, "గట్ల కాదు సారు," అంది. నాకైతే ఆ తిట్టు మా గైడు భుజం తట్టినప్పటికంటే బాగుంది. ఆ రోజు స్కేలు మీద గీత రెండు వేళ్లు జరిగింది.

మూడు నెలలు పట్టింది. ఒక రోజు కూతురు భుజం పట్టుకుని కిందికి దిగి, కుడి మడమ కొద్దిగా నేలకు ఎత్తుగా ఉన్నా, గొంతుక్కూర్చుంది. పది లెక్కపెట్టేదాకా ఉంది. లేచి మళ్లీ కూర్చుంది. కూతురు చప్పట్లు కొట్టింది, నేను ముక్కు చీదుకున్నాను. తర్వాతి పంటకు పెద్దామె ఆమెను వరసలో చివరి మనిషిగా రానిచ్చింది.

ఈలోగా నా థీసిస్ అచ్చయింది. నల్లటి అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు. పదిహేడో వరసలో నిజం రాశాను. రెండో ఆపరేషన్ సంగతి రెండు పేజీలు రాశాను. ఆ రెండు పేజీలు నేను ఎంత నిజాయితీపరుణ్ణో తెలిసేలా రాశాను. జొన్నరొట్టె అధ్యాయం మాత్రం అలాగే ఉంచాను. ఒక్క వరస తప్పయితే ఇరవై ఒక్క వరసలు నిలబడే ఉన్నాయి కదా అని నా లెక్క. పరీక్షకు వచ్చిన పెద్దలు ఆ అధ్యాయాన్నే మెచ్చుకున్నారు. పాసయ్యాను. ఒక కాపీ లైబ్రరీకి, ఒకటి గైడుకు. మూడోది పట్టుకుని, ఎవరికైనా చూపించకపోతే కడుపు ఉబ్బుతుందని నేరుగా ఆలూరు చేనుకు వెళ్లాను.

ఆమె వరసలో ఉంది. అందరికంటే కొంచెం వెనక, కానీ వరసలోనే. నేను ఈసారి ఎవరూ చెప్పకుండానే మట్టిలో కూర్చుని పుస్తకం తెరిచాను.

"గిదో అక్కా, నువ్వు. పదిహేడు."

చేతులు కొంగుకు తుడుచుకుని ఆమె పుస్తకం మీదికి వంగింది. చదువు రాదు. నా వేలు ఉన్నచోట తన వేలు పెట్టి, వరస వెంట చివరి గడి దాకా జరిపింది. అక్కడ ఆగింది. తర్వాత ఆ చివరి గడి మీద నుంచే వేలును పైకి జరిపింది, మళ్లీ కిందికి జరిపింది.

"గీ రాత అందరికి ఒక్కతీరుగనే ఉన్నదేంది సారు?"

"అంటె అందరికి మంచిగైందని," అన్నాను గర్వంగా.

"నాకు గూడ గదే ఉన్నది."

"నీకు గూడ మంచిగైంది గద."

"ఇప్పుడైంది సారు." ఆమె వేలు తీయలేదు. "మిగిలినోళ్లను కూసోబెట్టి చూసిన్రా?"

"అందరిని అడిగిన అక్కా. ఇంటింటికి పోయి అడిగిన."

ఆమె నా వైపు చూసింది. ఎగతాళి లేదు, నిందా లేదు.

"నన్ను గూడ అడిగిన్రు గద సారు," అంది.

నేను పుస్తకం మూసేశాను. వరసలో ముందున్నవాళ్లెవరో పిలిస్తే ఆమె పనిలోకి జరిగింది. పట్టికలోని మనుషులు ఒక్కొక్కరే కళ్ల ముందుకు వచ్చారు. చేతులు కట్టుకుని, గోడలకు ఆనుకుని, నిలబడే ఉన్నారు. ఒక్కరినీ కూర్చుని ఉండగా చూసిన గుర్తు లేదు.

ఆ తర్వాతి ఆదివారాలు స్కూటర్ మళ్లీ బయటికి తీశాను. ఈసారి కుర్చీ తెస్తే వద్దని ముందు నేనే నేల మీద కూర్చునేవాణ్ణి. ఎనిమిది ఇళ్లు తిరిగాను. ఎదురుగా కూర్చోవడానికి వాళ్లు పడిన అవస్థ చూశాను, కొందరిని మళ్లీ దవాఖానకు రప్పించాను. అంతలో నాకు వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. ఇంకో ఆదివారం పోదాం, ఇంకో ఆదివారం పోదాం అనుకుంటూనే సామాను సర్దుకున్నాను. మిగతా పదమూడు మోకాళ్లు లైబ్రరీలో ఇప్పటికీ అత్యుత్తమంగానే ఉన్నాయి.